కారులో మాట వినబడాలంటే

కిందటి ఏడు మా మనవరాలికి కళ్ళజోడు వచ్చింది. ఆ కళ్ళజోడు మూలంగా మేము మా కారును రెండు నెలలపాటు విప్పి, అతికి, మళ్ళీ బిగించాము. "కళ్ళజోడుకూ కారుకూ ఏమిటి సంబంధం?" అని మీరు అడగవచ్చు. చెబుతాను, వినండి.

ప్రతి శనివారం సాయంకాలం నేను తెనాలి నుంచి గుంటూరు వెళ్ళి, మా అమ్మాయి ఇంటి నుంచి మనవరాలిని తీసుకువస్తూ ఉంటాను. పాతిక కిలోమీటర్ల పైచిలుకు దారి. మాది 2008లో కొన్న మారుతి 800. దారి పొడుగునా పిల్ల వెనక సీట్లో కూచుని కబుర్లు చెబుతుంది. నాకు అరవై దాటి చాలా కాలమైంది. కారు వేగం అందుకున్నాక దాని మాటలన్నీ ఒకటే హోరులో కలిసిపోయేవి. "ఏమిటీ?" అని రెండుసార్లు అడిగి, మూడోసారి అడగడానికి మొహమాటపడి, "ఓహో, చాలా బాగుంది!" అనేసేవాణ్ణి. ముప్ఫయ్యేళ్ళకు పైగా పాఠాలు చెప్పినవాణ్ణి. వినకపోయినా విన్నట్టు తల ఊపడం ఎలాగో నా శిష్యుల దగ్గరే నేర్చుకున్నాను కాబోలు.

ఒకనాడు పిల్ల బడిలో లెక్కలన్నీ తప్పుగా ఎక్కించుకుంటున్నదని కబురు వచ్చింది. లెక్క తప్పు కాదు, నల్లబల్ల మీది అంకెలే దానికి సరిగా కనబడటం లేదు. "ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదే?" అని వాళ్ళమ్మ కోప్పడింది. "తాతయ్యకు మూడు శనివారాలు చెప్పానమ్మా. చాలా బాగుంది అన్నాడు," అన్నది పిల్ల.

నా తల కొట్టేసినట్టయింది. పిల్లకు నాలుగు రోజుల్లో కళ్ళజోడు వచ్చింది. నేను చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయన పరీక్ష చేసి, నిశ్శబ్దంగా ఉన్న గదిలో నాకు మాట బాగానే వినబడుతున్నదనీ, చప్పుడు మధ్యనే ఇబ్బంది అనీ చెప్పాడు.

దీనికి కారణం ఉన్నది. మన మాటలో అచ్చులు బలమైన, లావుపాటి శబ్దాలు. స, ష, త, క వంటి హల్లుల్లో ఉండే బుసబుసలూ టకటకలూ సన్నవి. వయసు మీదపడుతున్నప్పుడు చెవి మొదట సన్నటి శబ్దాలనే పోగొట్టుకుంటుంది. దానికి తోడు, లావుపాటి శబ్దం సన్నటి శబ్దాన్ని సులువుగా మింగేస్తుంది. సన్నది లావుదాన్ని అంత సులువుగా మింగలేదు. జాతరలో డప్పుల పక్కన నిలబడి పిల్లంగోవి ఊదితే ఏమవుతుందో మీకు తెలుసును గదా! కారు హోరు డప్పు. మా పిల్ల మాట పిల్లంగోవి. చెవులను ఎలాగూ కొత్తవి చేయలేము కనక డప్పును తగ్గించాలి.

సరే, ఆ డప్పు వాయించేది ఎవరు? ఇది తేలకుండా డబ్బు ఖర్చు పెట్టడం వ్యర్థం. పిల్ల ఒక నోటుపుస్తకం పట్టుకుని బయలుదేరింది. కొత్తగా వేసిన నున్నటి తారురోడ్డు మీద ఒక రకం చప్పుడు, గరుకు కంకర తేలిన చోట మరొక రకం. అంటే టైర్ల వాటా చాలా పెద్దదన్న మాట. బండి నిలబెట్టి యాక్సిలరేటరు తొక్కితే వచ్చేది ఇంజను వాటా. వేగం పెరిగేకొద్దీ అద్దాల అంచుల దగ్గర "స్‌స్‌" మనేది గాలి వాటా. ఇవి గాక, పిల్ల కూచున్నచోటి నుంచే డోరు రేకు మీద అరచెయ్యి గట్టిగా ఆనించి, "తాతయ్యా, ఇది జుమ్ముమంటున్నది. చెయ్యి నొక్కితే ఊరుకుంటున్నది!" అని అరిచింది. ఇది అన్నిటికన్నా మంచి ఆధారం.

ఇంజను సంగతి లెక్క వేసి చూద్దాం. మారుతి 800 ఇంజనులో మూడు సిలిండర్లు. ఒక్కొక్క సిలిండరులో ఇంజను రెండు చుట్లు తిరిగితే ఒకసారి ఇంధనం పేలుతుంది. ఇంజను నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతున్నదనుకోండి. సెకనుకు 50 చుట్లు. ఒక్కొక్క సిలిండరులో 25 పేలుళ్ళు. మూడింటిలో కలిపి 75. సెకనుకు 75 కంపనాలు గల ఆ శబ్దపు అల పొడవెంత? శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. 340ని 75తో భాగిస్తే నాలుగున్నర మీటర్లు. మా కారు పొడవు మూడు మీటర్ల ముప్ఫై మూడు సెంటీమీటర్లు. కారుకన్నా దానిలోని శబ్దపు అలే పొడుగన్న మాట! బొటనవేలు మందం స్పాంజి అతికించి ఈ అలను ఆపుదామనుకోవడం చేపల వలతో గాలిని పట్టుకోవడం వంటిది. కోడిగుడ్ల అట్టలూ థర్మోకోలూ అతికిస్తే కారు నిశ్శబ్దమవుతుందని చెప్పేవాళ్ళు ఈ లెక్క వేసి ఉండరు.

మరి వణికే రేకును ఏం చేయాలి? ఇంట్లో ఒక చిన్న ప్రయోగం చేయండి. ఒక స్టీలు పళ్ళేన్ని అంచున దారం కట్టి వేలాడదీసి చెంచాతో కొట్టండి. "టంగ్‌...గ్‌...గ్‌" అని చాలాసేపు మోగుతుంది. ఇప్పుడు అమ్మను అడిగి నిమ్మకాయంత చపాతీ పిండి తెచ్చి పళ్ళెం నడుమ గట్టిగా అద్ది, మళ్ళీ కొట్టండి. "టప్‌" మని ఊరుకుంటుంది. పళ్ళేనికి మీరిచ్చిన దెబ్బ అంతే, కాని వణుకును పిండి తినేసింది. పిండి సాగుతూ ముడుచుకుంటూ ఆ శక్తినంతా వేడిగా మార్చుకుంటుంది. ఆ వేడి ఎంత కొంచెమంటే, ముట్టుకున్నా మీకు తెలియదు.

కారుకు చపాతీ పిండి అతికించలేము గనక బజారులో డాంపింగు షీటు అని అమ్ముతారు. అది బ్యూటైల్ రబ్బరు షీటు, రెండు మిల్లీమీటర్ల మందం. ఒక పక్క జిగురు, మరొక పక్క అల్యూమినియం రేకు. కారు రేకు వంగినప్పుడల్లా నడుమనున్న రబ్బరు, ఆ రేకుకూ అల్యూమినియానికీ మధ్య నలిగి, వణుకును తినేస్తుంది. ఇంకొక సంగతి. రేకునంతా కప్పనక్కరలేదు. చపాతీ పిండి పళ్ళేన్నంతా కప్పిందా? రేకు ఎక్కడ ఎక్కువగా ఊగుతుందో ఆ నడిభాగంలో అతికిస్తే చాలావరకు పని అయిపోతుంది. మిగతాది కప్పితే ఖర్చూ బరువూ పెరుగుతాయి, ప్రయోజనం మాత్రం అంత పెరగదు. ఆ షీటు చదరపు మీటరుకు సుమారు మూడు కిలోలు తూగుతుంది.

అతికించే పని నేనూ, ఒకప్పుడు నా దగ్గర చదువుకున్న ఒక మెకానిక్కూ కలిసి చేశాము. దుకాణదారు, డాబాల మీద పరిచే తారుషీటు సగం ధరకే ఇస్తానన్నాడు. మా శిష్యుడు ఒప్పుకోలేదు. "ఏప్రిల్ వస్తే అది కారి సీట్ల మీద పడుతుంది మేష్టారూ, ఆ కంపు మీరు భరించలేరు," అన్నాడు. ఎండలో నిలబెట్టిన కారులోకి చెయ్యి పెట్టి చూసినవాడెవడైనా ఈ మాట నమ్ముతాడు.

ముందుగా బ్యాటరీ తీగ ఊడదీసి, సీట్లు విప్పి, తివాచీ లేవదీశాము. దాని కింద రెండు పెన్ను మూతలు, ఒక అయిదు రూపాయల బిళ్ళ, దోసెడు వేరుశనగ పొట్టు, అరచేతి మేర తుప్పు కనిపించాయి. తుప్పు గీకి రంగు వేయడానికే ఒక ఆదివారం పట్టింది. చప్పుడు సంగతి ఎలా ఉన్నా, ఆ తుప్పు బయటపడడం మంచిదయింది. తరవాత రేకును స్పిరిటుతో తుడిచి, షీటు ముక్కలు అద్ది, కింద గాలి బుడగ లేకుండా గట్టిగా నొక్కాలి. దీనికి చిన్న రోలరు అమ్ముతారు. మేము అప్పడాల కర్ర వాడాము. ఆ కర్ర ఇప్పటికీ మా వంటింట్లోకి మళ్ళీ ప్రవేశించలేదు.

ఇదంతా చేసి బండి నడిపితే జుమ్ముమనే మోత పోయింది. వేలితో డోరు మీద కొడితే ఇదివరకు డబ్బా మోగినట్టు మోగేది, ఇప్పుడు చెక్క తలుపును కొట్టినట్టుంది. కాని టైర్ల హోరు ఉండనే ఉన్నది. ఎందుకంటే అది మరొక జాతి రోగం. అది గాలిలోనుంచి, నేల రేకులోనుంచి చొచ్చుకు వచ్చే శబ్దం. దానికి అడ్డుగోడ కావాలి.

గోడ ఎంత బరువైతే శబ్దానికి అంత అడ్డం. గోడ బరువు రెట్టింపు చేస్తే సుమారు ఆరు డెసిబెల్సు శబ్దం తగ్గుతుందని శాస్త్రజ్ఞుల సూత్రం. అందుకని నేలమీద పలచని స్పాంజి పరిచి, దానిపైన బరువైన వినైలు షీటు వేశాము. అది చదరపు మీటరుకు అయిదు కిలోలు. అయితే గోడ ఎంత లావుదైనా దానికి కిటికీ తెరిచి ఉంటే ఏం లాభం? మీ ఇంట్లో అలారం గడియారాన్ని ఒక పెద్ద స్టీలు డబ్బాలో పెట్టి మూత బిగించి వినండి. తరవాత మూతకింద ఒక అగ్గిపుల్ల పెట్టి, సందు చేసి వినండి. ఆ సన్నటి సందులోనుంచి ఎంత మోత వస్తుందో చూసి మీరే ఆశ్చర్యపోతారు. గోడ వైశాల్యంలో నూటికి ఒక పాలు రంధ్రమైతే చాలు, మిగతా గోడ ఎంత గొప్పదైనా ఇరవై డెసిబెల్సుకు మించి ఆపలేదు.

కనక సందులు వెతకాలి. దీనికి మా మనవరాలు కనిపెట్టిన పద్ధతి అని చెప్పాలని ఉన్నది గాని, నిజానికి ఇది మెకానిక్కులందరికీ తెలిసినదే. డోరు మధ్య ఒక కాగితం ముక్క పెట్టి మూసి, లాగి చూడాలి. కాగితం బిగువుగా వస్తే రబ్బరు బీడింగు మంచిది. జారిపోతే అక్కడ సందున్నట్టు. మా బండికి నాలుగు డోర్లలో మూడింటి రబ్బరు ఎండి, అణగిపోయి ఉన్నది. కొత్త బీడింగు వేయించాము. షీట్లకన్నా ఇది ఎంతో చవక. గాలి మోతలో ఇదే ఎక్కువ తేడా చూపించింది. ఎవరైనా నన్ను అడిగితే ముందు బీడింగు చూసుకోమంటాను, టైర్లలో గాలి సరిగా ఉన్నదా, సైలెన్సరు వేలాడే రబ్బర్లు తెగాయా, డిక్కీలో జాకీ ఊగుతున్నదా చూసుకోమంటాను. షీట్ల మాట ఆ తరవాత.

ఇక్కడ నేను చేసిన తెలివితక్కువ పని ఒకటి ఒప్పుకోవాలి. సందులు మూయడంలో రుచి మరిగి, మా శిష్యుడు లేని సమయంలో డోర్ల అడుగు అంచున ఉన్న చిన్న చిన్న కంతలన్నిటికీ పట్టీ అంటించేశాను. పైగా డోరులోపల మామూలు స్పాంజి కూరాను. జులైలో వానలు పట్టాయి. ఒక శనివారం మలుపు తిరుగుతూ ఉంటే మా పిల్ల, "తాతయ్యా, డోరులో ఎవరో నీళ్ళు పుక్కిలిస్తున్నారు!" అన్నది. నిజమే, "గుళుకు గుళుకు" మంటున్నది. విప్పి చూస్తే రెండు చెంబుల నీళ్ళు! స్పాంజి నానిన బూరెలాగా ఉన్నది. అప్పుడే అంచున ఎర్రగా తుప్పు మొదలయింది.

సంగతేమిటంటే, డోరు అద్దం కిందికి దిగే సందులోనుంచి వాన నీరు లోపలికి పోతూనే ఉంటుంది. ఆ నీరు బయటికి పోవడానికే కారు తయారుచేసినవాళ్ళు అడుగున కంతలు పెట్టారు. నేను శబ్దానికి తలుపు మూశాననుకుని నీటికి దారి మూశాను. మా శిష్యుడు ఏమీ అనలేదు. పట్టీలు ఊడదీసి, కంతలు సూదితో శుభ్రం చేసి, నీరు పీల్చని రకం స్పాంజి తెచ్చి, అడుగుకు తగలకుండా పైభాగాన మాత్రం అంటించాడు. హెడ్మాస్టరు తప్పుచేస్తే శిష్యుడు ఏమీ అనకపోవడమే పెద్ద శిక్ష.

స్పాంజి మాట వచ్చింది గనక దాని అసలు పని ఏమిటో చెబుతాను. అది బయటి శబ్దాన్ని ఆపలేదు. లోపలికి వచ్చిన సన్నటి శబ్దాలు గోడలకు తగిలి మళ్ళీ మళ్ళీ మోగకుండా పీల్చుకోగలదు. ఈ సంగతిని మొదటిసారి కొలిచి చూపినవాడు అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చెప్పే వాలెస్ సేబిన్ అనే కుర్ర పంతులు. 1895లో అక్కడ కొత్తగా కట్టిన ఒక ఉపన్యాసాల గదిలో ఎవరు మాట్లాడినా ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఒక్కొక్క మాట అయిదున్నర సెకన్లపాటు గదిలో తిరుగుతూనే ఉండేది. సేబిన్ రాత్రివేళ, వీధులు సద్దుమణిగాక, దగ్గరలోని సాండర్స్ థియేటరు నుంచి సీట్ల మెత్తలు మోయించుకొచ్చి, గదిలో కొన్ని కొన్నిగా పరుస్తూ, ఒక పీపా ఊది, ఆ శబ్దం వినబడకుండా పోవడానికి ఎంత సేపు పట్టేదో గడియారంతో కొలిచేవాడు. తెల్లవారేలోగా మెత్తలన్నీ మళ్ళీ థియేటరుకు చేరేవి. మెత్తలు పెరిగేకొద్దీ మోత తగ్గే కాలం ఎలా మారుతుందో ఆయన సూత్రం కట్టాడు. నేటికీ పెద్ద పెద్ద హాళ్ళు కట్టేవాళ్ళు ఆ సూత్రమే వాడుతున్నారు. అయితే కారులో సీట్లూ, తివాచీ, మనుషుల బట్టలూ ముందే ఉన్నాయి గనక ఈ పని చాలావరకు అయిపోయే ఉంటుంది. మేము పైకప్పు అట్ట వెనక కొద్దిగా ఫెల్టు పెట్టి ఊరుకున్నాము.

ఒక హెచ్చరిక. మా పాత బండిలో ఎయిర్‌బ్యాగులు లేవు. ఇప్పటి కార్లలో పైకప్పు అంచుల్లోనూ స్తంభాల్లోనూ సీట్లలోనూ అవి మడిచి దాచి ఉంటాయి. వాటి తీగలకు పసుపు రంగు ఉంటుంది. వాటిని ముట్టుకోరాదు, వాటి మీద ఏమీ అతికించరాదు. ఇంజను దగ్గర పాత కంబళ్ళూ బట్టలూ కూరితే అంటుకుని కారే తగలబడుతుంది. కాగితం ముక్కతో సందులు వెతకడం, పళ్ళెం మోగించడం పిల్లల పని. విప్పడం మాత్రం పెద్దల పని, అదీ తెలిసినవాణ్ణి పక్కన పెట్టుకుని.

మా అమ్మాయికి ఇంకొక భయం పట్టుకున్నది. "నాన్నా, లోపల మరీ నిశ్శబ్దమైతే వెనకనుంచి వచ్చే అంబులెన్సు ఎలా వినబడుతుంది?" అన్నది. మంచి ప్రశ్నే. మేము అద్దాలకు ఏమీ చేయలేదు. నేల, డోర్లు బరువెక్కినా అద్దం పలచగానే ఉన్నది గనక హారను అందులోనుంచి వస్తూనే ఉంటుంది. హోరు తగ్గింది గనక నాకు ఇదివరకటికన్నా తేటగానే వినబడుతున్నది. అయినా పక్కింటి అబ్బాయిని స్కూటరు మీద వెనక రమ్మని, హారను మోగించమని చెప్పి పరీక్ష చేశాకగాని మా అమ్మాయి ఒప్పుకోలేదు. అది ఒప్పుకోకపోవడమే న్యాయం.

చివరికి ఎంత తగ్గింది? పిల్ల ఫోనుతో అదే రోడ్డు మీద, అదే వేగంతో, పనికి ముందూ తరవాతా కొలిచింది. అరవై కిలోమీటర్ల వేగంలో ముందు 74 డెసిబెల్సు, తరవాత 69. "ఇంతేనా?" అని దాని ముఖం చిన్నబోయింది. డెసిబెల్సు మామూలు లెక్క కాదు. పది తగ్గితే శబ్దశక్తి పదో వంతు అవుతుంది. అయిదు తగ్గినందుకు శక్తిలో మూడింట రెండు వంతులు పోయింది. అయినా మన చెవికి శబ్దం సగమైనట్టు తోచాలంటే సుమారు పది డెసిబెల్సు తగ్గాలి. కనక మా కారు ఏమీ నిశ్శబ్ద మందిరం కాలేదు. దీనికోసం పాతిక కిలోల బియ్యపు బస్తాను ఎల్లకాలం మోస్తున్నట్టు బరువు పెరిగింది, ఆ మేరకు పెట్రోలు కొంచెం ఎక్కువ తాగుతుంది. కాని ఆ అయిదు డెసిబెల్సుతోనే పిల్ల మాటలోని హల్లులు నాకు మళ్ళీ దొరికాయి.

పెద్ద శబ్దం పోతే చిన్న శబ్దాలు తలెత్తుతాయి. 1958లో రోల్స్‌రాయిస్ కారుకు ఒక ప్రకటన వచ్చింది. గంటకు అరవై మైళ్ళ వేగంలో ఆ కారులో వినబడే శబ్దాలన్నిటిలోకి పెద్దది దాని గడియారం చేసే చప్పుడే అని అందులో గొప్పగా రాశారు. మా మారుతిలో గడియారం కూడా లేదు. అయినా మొన్న శనివారం నారాకోడూరు దాటాక వెనకనుంచి "టిక్‌... టిక్‌" అని వినిపించసాగింది. ఇదివరకైతే నాకు వినబడేదే కాదు. బండి పక్కకు తీసి ఆపి వెతికాను. జాకీ కాదు, డోరు కాదు. వెనక అద్దం కింద ఉండే పలకమీద మా మనవరాలి కళ్ళజోడు డబ్బా దొర్లుతున్నది. తెరిచి చూస్తే కళ్ళజోడు అందులోనే ఉన్నది.

"ఏమే, పెట్టుకోలేదా?" అన్నాను.

పిల్ల కళ్ళజోడు తీసి పెట్టుకుంటూ, "తాతయ్యకు ఇప్పుడు అన్నీ వినబడుతున్నాయి!" అని గొణిగింది. అదీ వినబడింది.